అక్వేరియానికి ఇరవై నాలుగో కాగితం

“కిటికీ పక్క సీటు నాదంటే నాదని మళ్ళీ కొట్టుకున్నారంటే బస్సు వెనక్కి తిప్పించేస్తా!” టీచరు స్కేలుతో బల్ల మీద ఒక్కటిచ్చింది. తరగతి గప్‌చుప్ అయిపోయింది.

శనివారం అక్వేరియం ప్రయాణం. ఈ ఉద్యోగంలోనే తల నెరిసిన మనిషి కాబట్టి ఆవిడకి కంగారేమీ లేదు. ఎవరికి బస్సు పడదో, ఎవరు అరగంటకోసారి బాత్రూమంటారో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే కబుర్లలో పడి దిగడం కూడా మరిచిపోతారో అన్నీ కంఠతా వచ్చు. జంటలుగా చేతులు పట్టుకుని నడవాలంది. ఇంటి ఫోన్ నంబరు చీటీ అందరి దగ్గరా ఉండాలంది. గాజు తొట్ల కింద రాసి ఉన్న చేపల పేర్లు ఎవరికి వారే చదవాలి, అదే పరీక్ష.

ఇంటి నుంచి అనుమతి కాగితం లేనిదే ఎవరినీ బస్సెక్కనివ్వనని హెడ్మాస్టరు తెగేసి చెప్పాడు. ఇరవై నాలుగింట్లో ఇరవై మూడు వచ్చాయి. రానిది ముందుబెంచీ అని అందరూ పిలిచే విద్యార్థినిది. నెలరోజులుగా నోట్సు నిండా చేపల పేర్లే రాసుకుంది పాపం. ఇప్పుడు తల వంచుకుని కళ్ళొత్తుకుంటోంది. టీచరుకి ప్రాణం ఉసూరుమంది. వాళ్ళింటికి ఫోన్ చేసి ఎవరినైనా ఒకసారి రమ్మంది.

మెడలో టేపుతోనే ఒక దర్జీ పరుగున వచ్చాడు. వసారాలోనే మొదలుపెట్టాడు.

“ఏమీ అనుకోకండి టీచరుగారూ, నేను పంపలేను. మొన్న బజారులో చెయ్యి వదిలేసి ఎటో పోయింది. రెండు గంటలు గాలించాం. నా పై ప్రాణాలు పైనే పోయాయి.”

“నేనుంటానుగా?”

“మీకు ఇరవై నలుగురు. నాకున్నది ఒక్కతే.”

“నిన్నటి నుంచి అన్నం ముట్టలేదటగా?”

“అలిగింది. నా మాట వింటే కదా! అంతా మొండితనం.”

టీచరు దారి మార్చింది. “మీరు చదువుకునే రోజుల్లో ఇలా ఎక్కడికీ వెళ్ళలేదా?”

“ఎందుకు వెళ్ళలేదు? ఆనకట్ట చూడ్డానికి వెళ్ళాం.”

“ఇంట్లో భయపడలేదూ?”

“భయపడకేం! నీళ్ళ దగ్గరికి వద్దురా అని అమ్మ ఒకటే గొడవ.” దర్జీ నవ్వబోయి ఆగాడు. “అయినా కాగితం మీద వేలిముద్ర వేసి పంపింది. సంతకం రాదుగా అప్పుడు.”

టీచరు కాగితం, పెన్ను చేతికిచ్చింది. అతను కిటికీలోంచి ముందుబెంచీ వైపు చూశాడు. టేపు వేలికి చుట్టి, విప్పి, కాగితం గోడకి ఆనించాడు.

“చెయ్యి మాత్రం వదలకండి. వేళకి మందు వేయించండి,” అంటూ సంతకం పెట్టేశాడు. దాని కింద ‘విద్యార్థికి ఏమవుతారు?’ అన్న గడి ఒకటి మిగిలింది.

అతను ‘కొడుకు’ అని రాశాడు.