తెగని కత్తెర

దర్జీ కొట్టు బోర్డు మీద మా ఇంటిపేరు కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. ఆ పేరు ఎక్కడిదో తెలుసుకోవాలని కాళ్ళరిగేలా తిరుగుతున్నాను మరి.

లోపల ఒక ముసలావిడ మిషను కుడుతోంది. "మనం ఒకింటివాళ్ళమేమో మామ్మగారూ" అంటూ సంచిలోంచి తాతయ్య కత్తెర తీసి బల్ల మీద పెట్టాను. "ఈ కత్తెరా, ఇంటిపేరూ తప్ప తనవాళ్ళవి ఇంకేం మిగల్లేదనేవాడు. ఎంత సానబట్టించినా తెగదు, ఉత్త మొండిఘటం!"

ఆవిడ నవ్వలేదు. కత్తెరని ఎడమచేత్తో అందుకుని గుడ్డ మీద నడిపింది. గుడ్డ వెన్నలా విడిపోయింది.

"ఇది ఎడమచేతివాళ్ళ కత్తెర. మా అన్నయ్య పట్టుబట్టి చేయించుకున్నాడు. ఎక్కడో పెద్ద కొట్టులో పని దొరికిందని, ఇక్కడే పనిచేసే ఇంకో దర్జీని తోడు తీసుకుని బయల్దేరాడు. ఇద్దరూ మళ్ళీ రాలేదు."

"అయితే మా తాతయ్యే మీ అన్నయ్య!" సంతోషం పట్టలేక అరిచాను.

"మీ తాత ఏ చేత్తో కత్తిరించేవాడు బాబూ?"

"కుడిచేత్తోనే. దీన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

ఆవిడ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"కూర్చో. మావాళ్ళు వచ్చే వేళయింది. ఆ మాట వాళ్ళకీ చెబుదువుగాని."

కత్తెర ఇంకా ఆవిడ ఎడమచేతిలోనే ఉంది.