ఉపవాసం నాటి కోపం

మా ఆయన ఇంకో ఆవిడతో తిరిగాడని తెలిసిన వారానికే క్షమించేశాను. తెలిసిన మర్నాటి నుంచే పొద్దున్నే కాఫీ ఆయనే కలిపి ఇస్తుంటే, పశ్చాత్తాపం అనుకున్నాను.

ఇవాళ కార్తీక సోమవారం. ఉపవాసమని కాఫీ కూడా ముట్టలేదు. మధ్యాహ్నానికల్లా ఎక్కడో అణిగిపోయిన కోపమంతా తన్నుకొచ్చింది. అనుమానమొచ్చి వెతికితే, కాఫీపొడి డబ్బా వెనక మమకారం పుట్టించే ఆక్సిటోసిన్ సీసా, సగం ఖాళీగా.

నక్షత్రాలు కనబడగానే ఆయన కాఫీ తెచ్చాడు. సీసా ఎదురుగా పెట్టాను.

"కిరాణా కొట్లో ఉప్పుతో పాటు అమ్మేదే కదా, నీరజా! నీ మనశ్శాంతి కోసమే."

"అయితే ఈ కాఫీ మీరు తాగండి. నా మీద ప్రేమ పుడుతుంది."

కప్పు చల్లారిపోయింది. ఆయన ముట్టుకోలేదు.