నీడలో గొడుగు

పైన రేకుల కప్పు ఉంది. ఎండ లేదు, వాన లేదు. అయినా ఆ మనిషి గొడుగు విప్పాడు.

ఎర్ర గొడుగు. ఈతకొలను గట్టున నిలబడి, చెయ్యి చాపి, దాన్ని నీళ్ళ మీదికి పట్టుకున్నాడు.

వాసంతికి అప్పుడే అనుమానం మొదలైంది.

అంతదాకా ఆమెకు ఆ రోజంతా పండగలాగే ఉంది. కొత్త పెళ్ళికూతురు. భర్త క్రాంతికుమార్ మన్సూరాబాద్ పిల్లల ఈత క్లబ్బు కోచ్. పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే బంతి భోజనాలు. ఆటో సందుల్లోకి మళ్ళేలోగా ఎవరో చేతిలో పెట్టిన వేడి పులిహోర తిని, ఆడబిడ్డ రజితకూ ఒక ముద్ద పెట్టి, ఆ రుచి చెప్పుకుంటూనే పోటీలు జరిగే దిల్‌సుఖ్‌నగర్ చేరింది.

సామాన్ల వ్యానుతో వెనకాల వస్తున్న క్రాంతికుమార్ మాత్రం చౌరస్తాలో ఇరుక్కుపోయాడు.

"పోటీకి కట్టే జెండాల తాడు నా బండిలనే ఉన్నది. నేనిప్పట్ల రాను. రజితను జర చూస్కో," అన్నాడు ఫోన్‌లో.

"తోరణం లేకుంటే పోటీ ఆగుతదా ఏంది," అంది వాసంతి.

ఆయన ఏదో చెప్పబోయాడు. లైను తెగిపోయింది.

తాడు లేకుండానే పోటీలు మొదలుపెట్టారు. రజితది వెల్లకిల ఈత. తొలి పోటీలో అందరికన్నా ముందు గోడ తాకింది.

"ఫైనల్ల ఫస్టొచ్చినోళ్ళనే జిల్లా టీముల తీసుకుంటరంట వదినా. లేకుంటే ఈత బందన్నడు నాన్న. దుకాణంల కూసొని చీరలు మడతపెట్టమన్నడు."

"ఫస్టొస్తవ్ తియ్. నేనున్న గదా."

ఉండటమంటే ఊరికే ఉండటం కాదని, వాసంతి గొడుగు మనిషిని ఓ కంట కనిపెట్టసాగింది. వెల్లకిల ఈత అప్పుడే గొడుగు విప్పుతాడు. మిగతా పోటీలప్పుడు ముడిచి చంకలో పెట్టుకుంటాడు.

ఫైనల్ ముందు రజిత పక్క వరుసలో ఈదే సింధూరతో ఆయన అన్న మాట చెవిన పడింది. "కంగారు పడకు తల్లీ. నేనిక్కడే ఉంటాను."

కోస్తా యాస. సింధూర వాళ్ళదీ అటేనని ఇందాకే విన్నది. యాస వినగానే మనిషిని మరోసారి ఎగాదిగా చూసే రోజులవి. వాసంతి నేరుగా దగ్గరికి వెళ్ళింది.

"నీడల గొడుగెందుకండీ?"

"పిల్లల కోసమండి."

"ఏ పిల్లల కోసం?"

"అందరి కోసమేనమ్మా."

"మీ పిల్ల ఉన్నదా గీ పోటీల?"

ఆయన కాస్త తటపటాయించాడు. "ఉందండి. కానీ..."

"గదే అనుకున్న. గొడుగుతోని సైగలు చేస్తున్నరు."

"అయ్యో, అది కాదమ్మా, గోడ దగ్గర..."

వాసంతి అప్పటికే రిఫరీ రామస్వామి ముందు నిలబడింది. ఆయన ఒక చేత్తో చాయ్, ఇంకో చేత్తో ఈల పట్టుకుని ఉన్నాడు. సగం విని, గట్టువైపు చెయ్యి ఊపాడు.

"బయటోళ్ళు గట్టు మీద ఉండొద్దు. నడువుండ్రి."

"ఈ ఒక్కటీ అయ్యాక వెళ్ళిపోతానండి."

"చెప్తె అర్థం కాదా మీకు?"

ఆయన గొడుగు ముడిచి బయటికి నడిచాడు. సాయంత్రం ఈ సంగతి క్రాంతికుమార్‌కి ఎట్లా చెప్పాలో వాసంతి అప్పుడే మనసులో అల్లేసుకుంది.

ఈల మోగింది.

రజిత నీళ్ళను కోసుకుంటూ పోయింది. అందరికన్నా ముందుంది. గోడ ఇంకాస్త దూరంలో ఉందనగా, ఉన్నట్టుండి చేతులు నెమ్మదించాయి. తల తిప్పి వెనక్కి చూసింది. మళ్ళీ చూసింది. పక్కన సింధూరా అంతే.

చివరి వరుసలో చంపాపేట క్లబ్బు పిల్ల శ్రీవల్లి ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సూటిగా వచ్చి గోడ తాకింది.

రజిత రెండోది.

"ఎనుకకెందుకు చూసినవ్ పిల్లా?"

"గొడుగు కనవడలే వదినా."

"గొడుగుతోని నీకేం పని?"

"ఎల్లెలుకల ఈదుతుంటే గోడ ఎప్పుడొస్తదో ఎట్ల తెలుస్తది? గందుకే గోడకు కొంచెం ఇవతల, పైన జెండాలు కడ్తరు. అవి రాలేదని గా అంకుల్ గొడుగు పట్టిండు. అది కనవడంగనే గోడొచ్చిందని మాకందరికి ఎరుక. ఏడికి పోయిండో ఏమో."

టవల్‌తో తుడుస్తున్న వాసంతి చెయ్యి ఆగిపోయింది.

"మరి గా పిల్ల ఎట్ల గెలిచింది?"

"శ్రీవల్లా? వాళ్ళ పూల్‌ల ఎన్నడు జెండాల్లేవంట. చేతులేసుడు లెక్కవెట్టుకుంట ఈదుతది. ఆమెకు గొడుగున్నా లేకున్నా ఒకటే."

రజిత ముఖం టవల్‌లో దాచుకుంది. ఏడుపు వినపడకుండా ఉండాలని దాన్ని నోటికి అదుముకుంది.

వాసంతి గేటు వైపు పరుగెత్తింది. ఆయన బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, తప్పయింది. తెల్వక చేసిన. మా పిల్లకే కాదు, మీ సింధూరకు గూడ అన్యాయం చేసిన."

"సింధూర ఎవరండీ? ఇందాక భయపడిపోతోందే, ఆ పచ్చటోపీ పాపా?" అన్నాడాయన. "పోనీలెండి. గోడ తగిలి ఎవరికీ దెబ్బలవీ తగల్లేదు కదా?"

వాసంతి బదులు చెప్పేలోగా, తడిజుట్టుతో, మెడలో పతకంతో శ్రీవల్లి గేట్లోంచి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, నేనే ఫస్టు," అంటూ ఆయన నడుము చుట్టేసింది.