రెండూ కావాలన్న మనిషి

మూడోరోజు కూడా వీరసామి తన కారు వెనకసీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

బానెట్ తెరిచి ఉంది. ఇంజను సగం విప్పి ఉంది. ఏసీ ఆడే ప్రసక్తే లేదు.

"అయ్యా, లెయ్యండి. ఇది షెడ్డు, లాడ్జి కాదు," అన్నాడు మెకానిక్ బాలచందర్ అరవంలో.

కోవిల్‌పట్టి బైపాసు పక్కన షెడ్డు పెట్టి పన్నెండేళ్లయింది. ఇలా ప్రాణం తోడేసే మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు.

వీరసామి మెల్లగా లేచి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. "కాదు తంబీ, ఇక్కడ పడుకున్నవాళ్లకి చల్లగాలి తగులుతుందా లేదా అని చూస్తున్నా. ఈ గొట్టం మూతి కాస్త కిందికి తిప్పాలి."

"ముందు ఏసీ ఉంటే కదా, గాలి తగలడానికి!"

గొడవంతా అక్కడే వచ్చింది.

అది పాత అంబాసిడర్, డీజిల్ బండి. దానికి వేగం పెంచే టర్బో బిగించాలి, ఏసీ మాత్రం తియ్యకూడదు. అదీ ముసలాయన పట్టు. టర్బో కూర్చోవలసిన చోటే ఏసీ కంప్రెసర్ ఉంది. దాన్ని అవతలివైపుకి మార్చాలంటే కొత్త బ్రాకెట్ చేయించాలి. బెల్టు మార్చాలి. టర్బో వేడికి గొట్టాలు కరిగిపోకుండా అడ్డంగా రేకు కట్టాలి. వారంపైనే పడుతుంది. ఏసీ పీకేస్తే రెండు రోజుల పని.

"టర్బో వేస్తాను, ఏసీ సంగతి మరిచిపోండి. అందరూ అట్లాగే చేయించుకుంటారు."

"నాకు రెండూ కావాలి తంబీ."

"ఎందుకండీ? ఈ వయసులో రేసుకు పోతారా?"

"తొందరగా పోవాలి. చల్లగా పోవాలి. అంతే."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు.

బాలచందర్ విసురుగా స్పానర్ కింద పడేశాడు. కరెంటు పని చేసే సీనివాసన్ వైపు తిరిగి, ఇంటిభాషలోకి దిగాడు. షెడ్డులో గిరాకీలను తిట్టుకోవడానికి ఇద్దరికీ తెలుగే దిక్కు. అది బయటివాళ్లకు అర్థం కాదన్న ధీమా.

"సీనన్నా, ఈ ముసలోని తొల్లై, ఈ పోరు తాళలేకుండా ఉండాను. కారులో సుకంగా నిద్దరపొయ్యేకి ఏసీ గావాలంట. కాటికి పొయ్యే వయసులో ఈనికి పుస్పకవిమానం గావాల్సి వచ్చె!"

సీనివాసన్ పకపకా నవ్వాడు. వీరసామి తలవంచుకుని ఏసీ గొట్టం మూతిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

నాలుగోరోజు ఆయన ధర్మామీటరు తెచ్చాడు. దాన్ని వెనకసీటు మీద ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే ఓ గంట పట్టింది.

ఐదోరోజు, "గుంతలో పడినా గొట్టం ఊడకుండా ఉంటుందా తంబీ?" అని నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి అడగబోతుంటే బాలచందర్ చెవులు మూసుకున్నాడు.

ఆరోరోజు రాలేదు. జ్వరమని కబురు పంపాడు.

బాలచందర్‌కి కావలసిందీ అదే. కంప్రెసర్ విప్పి డిక్కీలో పడేశాడు. ఆ చోట టర్బో దర్జాగా కూర్చుంది. రెండు రోజుల్లో బండి సిద్ధం.

ఎనిమిదోరోజు వీరసామి బానెట్ ఎత్తి చూసి నిలబడిపోయాడు.

"తంబీ... ఏసీ?"

"కుదరలేదు. కావాలంటే విరుదునగర్లో వేరే షెడ్డు చూసుకోండి."

"అక్కడ చూశాకే ఇక్కడికి వచ్చాను."

ఆయన కారెక్కి స్టార్ట్ చేశాడు. బండి రివ్వుమని రోడ్డెక్కింది.

"పీడ ఇడిసె," అన్నాడు బాలచందర్, ఆయనకు వినబడేంత గట్టిగా.

తర్వాతి నెలలో, నిలువునా కాలుస్తున్న ఎండలో ఫోనొచ్చింది.

బాలచందర్ అక్క పట్టమ్మాళ్‌ది ఏళాయిరంపన్నై ఊరు. దగ్గర్లోనే ఓ టపాసులు చేసే షెడ్డులో పనిచేస్తుంది. అక్కడ నిప్పంటుకుంది. అక్కకు వీపూ చేతులూ కాలాయి. మదురై ఆస్పత్రిలో ఉంది.

అతను ఏడుస్తూనే మదురై చేరాడు.

"ప్రాణానికి భయం లేదు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

కట్ల మధ్య నుంచి అక్క తమ్ముణ్ని గుర్తుపట్టింది.

"ఎవురక్కా నిన్ను తెచ్చింది? ఆయన కాళ్లకు మొక్కతా."

"ఎవురో పెద్దాయనరా. అంబులెన్సులు నిండిపాయ. ఆయన పాత కారు ఒగటి తెచ్చి, ఎనకసీట్లో నన్ను పండబెట్టుకొని, ఎగిరినట్టు వచ్చె. మన మాటే మాట్లాడతాడు."

షెడ్డులో తాను తెలుగులో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే బాలచందర్ చెవుల్లో మోగాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"కారులోపల ఒకటే ఉడుకురా. కాలిన ఒళ్లు ఇంకా మండిపాయ. కిటికీ దించితే పుండు మీద దుమ్ము పడతాదని దించలే. ఒక చేత స్టీరింగు, ఒక చేత అట్టముక్కతో నాకు ఇసరతా, దారంతా ఏడ్చినాడురా. 'మన్నించు తాయీ, పోయిన నెలదాకా ఏసీ ఉండె' అనె."

"ఏసీ ఎందుకో మెకానిక్కుతో చెప్పుండొచ్చు గదక్కా..."

"నేనూ అదే అడిగితి. విరుదునగర్లో కాలినోళ్లను మోసే బండి అని చెప్తే, చావుబండిని మేం తాకమని తరిమినారంట. అందుకే యాడా చెప్పలేదంట."

అక్క మెల్లగా తమ్ముడివైపు తల తిప్పింది.

"ఆస్పత్రి వాకిట్లో దించేటప్పుడు, ఏసీ పీకినోని చేతులు ఇరిగిపోనని తిట్టినానురా నేను. 'ఆ తమ్ముణ్ని తిట్టొద్దు తాయీ, ఆయన టర్బో బిగించబట్టే నువ్వు టయానికి చేరితివి, పదేండ్ల ముందు నా కూతురు కాలిపోతే ఇదే కారులో మెల్లగా తెచ్చి దారిలోనే పోగొట్టుకుంటి' అనె."