డాబా మీది గొట్టం

ఆ రోజు నరహరి ఎక్కిన ఓడ సూరత్‌లోని ఉధ్నా రైల్వే స్టేషన్లోకి వచ్చి ఆగింది.

ఓడలు ఎక్కడున్నాయో చూపే ఫోన్ మ్యాప్‌లో నవత కళ్లారా చూసింది. నీలం రంగు సముద్రంలో ఉండాల్సిన ఆకుపచ్చ బాణం రైలు పట్టాల మీద ఉంది.

ఓడ పట్టాలెక్కదని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా ఆశ ఎవరి మాట వింటుంది! మొగుడు దిగి వస్తున్నాడనే అనుకుంది. తలకు పోసుకుంది. పచ్చిపులుసు చేసి, గిన్నె నిండా అన్నం వండింది.

"ఎవలొస్తున్నరే, ఇంతగనం వండినవ్?" అంది అత్త పోశమ్మ.

"నీ కొడుకే అత్తా."

కొడుకు రాలేదు. సాయంత్రానికి బాణం మళ్లీ సముద్రంలోకి పోయింది. అన్నం మిగిలిపోయింది.

మర్నాడు నరహరి ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"మా ఓడ మీద ఒక డబ్బా ఉంటది. మేం యాడున్నమో ఘడియఘడియకు రేడియోల చెప్తది. దానికి మతి దప్పింది. ఒడ్డు మీద ఎవలో పెద్దమనిషి చూసి మా కెప్టెన్‌కు ఫోన్ చేసి చెప్పిండట. బాగు చేసుకున్నం."

"నీకు నవ్వులాటే. నాకు ఏడుపొస్తుంది," అంది నవత.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాక నరహరి సరుకు ఓడలో పనికి కుదిరాడు. ఇప్పుడు రెండో కరోనా. ఓడ డుమస్ తీరానికి అవతల లంగరేసుకుని కూర్చుంది. మనుషుల్ని ఒడ్డు మీద కాలు పెట్టనివ్వరు. వాళ్లుండే డిండోలిలో బస్సెక్కితే సముద్రం కనిపించే దూరమే, మనిషి మాత్రం కనిపించడు. ఫోన్ కలిసిన రోజు కలుస్తుంది, లేని రోజు లేదు.

మిగిలింది ఆ బాణమే. సముద్రం వెనక్కి తీసేటప్పుడు లంగరు మీది ఓడ మెల్లగా తిరిగి ముక్కు సూరత్ వైపు పెడితే, బాణమూ ఇటే తిరుగుతుంది. ఆ వేళకు నవత తల దువ్వుకుని ఫోన్ ముందు కూర్చునేది. పిచ్చే. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ మాత్రం పిచ్చి లేకపోతే పొద్దు గడవదు.

వాళ్ల పై అంతస్తులో లక్ష్మీపతి అనే పెద్దాయన ఒక్కడే అద్దెకుండేవాడు. ఆంధ్రా మనిషి. ఎవరింటికీ పోడు, ఎవరినీ రమ్మనడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ డాబా మీద వడియాలు పెట్టుకుంటే ఆయన నిలువెత్తు తెల్లటి గొట్టం పెట్టుకున్నాడు. దాని తీగ ఆయన గదిలోకి పోతుంది.

కరోనా గొట్టాల్లోంచే వస్తోందని అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. అప్పుడే పోశమ్మకు జ్వరం తగిలింది. ఇంకేం కావాలి? బిల్డింగంతా డాబా ఎక్కింది.

"ఇది ఏమీ వదలదమ్మా. వింటుంది, అంతే," అన్నాడాయన మాస్కు సర్దుకుంటూ.

"ఏమింటది? మా ఇండ్లల్ల ముచ్చట్లా?" అంది కిందింటి ఎల్లవ్వ.

"అయ్యో, అది కాదమ్మా..."

నవత ముందుకొచ్చింది.

"మా అత్త జరంతోని మూలుగుతుంది. మా ఆయన వచ్చేసరికి ఇంట్ల మనుషులు ఉండొద్దా? తీసెయ్ సారూ!"

"మీ ఆయన ఎక్కడుంటారమ్మా?"

"యాడుంటే నీకేంది? నువ్వు తీస్తవా, మమ్మల్నే తియ్యమంటవా?"

ఆయన గదిలోంచి పానా తెచ్చుకుని గొట్టాన్ని తనే విప్పాడు. విప్పుతూ దగ్గాడు. ఆ దగ్గుకు జనం ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగారు.

పోశమ్మ జ్వరం రెండు గోళీలకే దిగింది. ఉత్త ఎండదెబ్బ.

ఆ సాయంత్రమే తుఫాను వస్తోందని టీవీ గోల పెట్టింది. నవత ఫోన్ తీసింది.

బాణం లేదు.

ఉండాల్సిన చోట ఉత్త నీలం. మూసి తెరిచింది, తెరిచి మూసింది. నరహరికి ఫోన్ చేస్తే కలవలేదు. బయట గాలికి రేకులు లేస్తున్నాయి. ఓడ మునిగితే తప్ప బాణం ఎందుకు పోతుంది? పోశమ్మకు చెప్పే ధైర్యం లేక, దేవుడి పటం ముందు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పొద్దున్నే పై ఇంటి సారు గుర్తొచ్చాడు. ఆయన గదిలో కంప్యూటర్లున్నాయి. సిగ్గు చంపుకుని ఫోన్ పట్టుకుని మెట్లెక్కింది.

తలుపుకు తాళం.

"ఆయన్ను ఇప్పుడే అంబులెన్స్‌ల తీస్కపోయిన్రు. ఊపిరాడ్తలేదట," అంది ఎల్లవ్వ కింద నుంచి.

ఆయన మళ్లీ రాలేదు. వెంట ఎవరూ లేకపోతే దవాఖానా వాళ్లే దహనం చేశారని ఇంటి ఓనరు చెప్పాడు. అయ్యో పాపం అనుకుంది నవత. అంతకు మించి బాధపడే తీరిక ఆమెకు లేదు. ప్రాణమంతా సముద్రంలో ఉంది.

తుఫాను వెలిశాక ఫోన్ మోగింది.

"నవతా!"

ఆమె రెండు చేతులా ఫోన్ చెవికి అదుముకుంది.

"బతికున్నవా? బాణం పోయింది... ఓడ మునిగిందనుకున్న."

"లంగరు తెగి కొట్టుకపోయినం. దేవుని దయ, అందరం బతికినం."

"మరి నీ డబ్బా? మల్ల చెడిందా?"

"దానికేం రోగం? తుఫానుల గూడ అది చెప్తనే ఉంది. ఒడ్డు మీద వినేటోళ్లుంటేనే గదా నీ ఫోన్లకొచ్చేది! ఈ పక్క సముద్రానికి ఒక్క పెద్దమనిషే దిక్కని మా కెప్టెన్ చెప్పిండు. ఎవలడగకున్నా ఇంటి మీద గొట్టం పెట్టుకొని, ఓడల మాట విని, అందరికీ కనవడేటట్టు చేస్తుండెనట. అది బందయిందట, నీ బాణం పోయింది."

నవత తలెత్తి ఇంటి కప్పు వైపు చూసింది.

"ఇంటున్నవా? మొన్న మా కెప్టెన్‌కు ఫోన్ చేసింది గూడ ఆయనేనట. లక్ష్మీపతి సారట, మన డిండోలిలనే ఉంటడట. జర ఇల్లు కనుక్కో నవతా, నేను దిగంగనే ముందుగాల పోయి ఆయన కాళ్లు మొక్కొద్దాం."