పెనిమిటి పేరు

రుచిత రికార్డింగ్ ఆపి, ఫోన్‌ను సోఫా మీదకి విసిరికొట్టింది.

"నానమ్మా, ఒక్క పేరు! జస్ట్ ఒక్క పేరు చెప్తే నీ సొమ్మేం పోతుంది?"

"పెనిమిటి పేరు నోట్లకెల్లి ఎట్ల తీస్తరు బిడ్డా? తప్పుగాదా?" అంది యాదమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

రుచితకి ఒళ్ళు మండిపోయింది. లండన్ దగ్గర రీడింగ్ పట్టణంలో బంగారంలాంటి ఉద్యోగం మానేసి, ఊళ్ళోవాళ్ళ ముత్తాతలను వెతికిపెట్టే వృత్తిలోకి దిగుతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఆ వృత్తికి కావాల్సిన సర్టిఫికెట్ పరీక్ష ఒకసారి తప్పింది కూడా. తప్పించింది మరెవరో కాదు, ఈ మహాతల్లే. ఆ పరీక్షకి ఇంటి పెద్దల్లో ఒకరి జీవితాన్ని వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి పంపాలి. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, పెళ్ళి భోజనాలు అన్నీ గడగడా చెప్పిన యాదమ్మ, భర్త పేరు దగ్గర నోరు కుట్టేసుకుంది. భర్త పేరే లేని సాక్ష్యం ఏం సాక్ష్యమని పరీక్షకులు కొట్టిపారేశారు. మళ్ళీ పంపాలంటే అదే మనిషితో సరిచేయించాలి. గడువు రేపే.

"ఆమెనెందుకు సతాయిస్తవ్? నన్నడుగు, నేన్ జెప్త" అన్నాడు తాత బాపురావు, పేపర్ మడిచి.

"నువ్వు చెప్తే చెల్లదు తాతా. ఆవిడ నోటితోనే రావాలి."

"అయితే ఇడిసెయ్. ఆమె పట్టింపు ఆమెది."

వెనకేసుకొచ్చాడు! రుచితకి తాత మీదా కోపం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళలో 'ఏమయ్యా', 'ఇగో' అని తప్ప ఆవిడ ఆయన్ని పిలిచింది లేదు. లండన్ స్టాన్‌మోర్‌లో ఉంటూ, డాక్టరు క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కోసం రిసెప్షనిస్టుతో ఇంగ్లీషులో కొట్లాడే మనిషికి ఇదేం చాదస్తం?

మళ్ళీ రికార్డింగ్ నొక్కింది. "లాస్ట్ టైమ్ అడుగుతున్నా. నీ భర్త పేరు?"

యాదమ్మ తల అడ్డంగా ఊపింది.

"సరే! మా నానమ్మకి అసలు పెళ్ళే కాలేదని రాసి పంపిస్తా. ఎవరితోనో ఉండిపోయిందని రాస్తా. హ్యాపీనా?"

చిక్కుడుకాయల పళ్ళెం భళ్ళున కింద పడింది. యాదమ్మ లేచి నిలబడింది. ఆ బక్క మనిషిలో అంత గొంతు ఉందని రుచితకి ఇప్పటిదాకా తెలియదు.

"పెండ్లి గాలేదా నాకు? ఊరంత తిన్నరు నా పెండ్లిబువ్వ! పుస్తె గట్టిన మనిషి పేరు సచ్చినా నా నోట రాదు!"

కోపంతో ఊగిపోతూ తాత వైపు తిరిగింది.

"చెప్పు బాపురావూ, నా పెనిమిటి పేరేందో నువ్వన్న చెప్పు దీనికి!"