దొరకని మూడేళ్లు

కిటికీ కింది సందులోంచి కాగితం మళ్లీ బయటికొచ్చింది.

"ఇది చెల్లదు ఎమిల్ గారూ," అంది ఆర్డిత్.

నెబ్రాస్కాలోని ఆ ఫెడరల్ భవనంలో ఎమిల్ జవాదిల్ గదులను వెచ్చబెట్టే బాయిలర్ చూసుకునే మనిషి. పై అంతస్తులో సిబ్బంది సర్వీసు వివరాలు చూసే గుమాస్తా ఆర్డిత్.

ఆయన అడిగేది అయిదేళ్లుగా ఒకటే. కొరియా యుద్ధంలో చేసిన మూడేళ్లూ సర్వీసులో కలపమని.

మొదట్లో సెలవుల కోసం అడిగాడు. ఆ మూడేళ్లూ కలిస్తే రెండేసి వారాలకు ఇచ్చే సెలవు ఆరు గంటల నుంచి ఎనిమిదికి పెరుగుతుంది. ఉద్యోగం పదిహేనేళ్లు దాటాక ఆ ఎనిమిదీ వాటంతటవే వచ్చాయి. ఇప్పుడు పింఛను కోసం అడుగుతున్నాడు. అరవై నిండాయి, ఉద్యోగానికి పదిహేడేళ్లు. ఇరవై అయితే రేపే ఇంటికెళ్లిపోవచ్చు.

"సైన్యం వదిలినప్పుడిచ్చిన కాగితం కావాలి."

"వరదలో పోయిందని చెప్పానుగా అమ్మాయ్."

"సైన్యం రికార్డులో ఉంటుంది."

"అది తగలబడిపోయిందట. వాళ్లే రాశారు."

"అయితే మీతో పనిచేసినవాళ్లెవరైనా ప్రమాణం చేసి రాసివ్వాలి."

ఎమిల్ నవ్వాడు. "నాతో ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయారు."

సైనికుల పాత జీతాల రికార్డు చూసే ఆఫీసొకటుంది. ఆర్డిత్ అక్కడికి రాయొచ్చు, రెండు పేజీల పని. ఎమిల్ వెళ్లాక రాద్దామనుకుంది. తర్వాత మరిచిపోయింది.

నవంబరులో ఆమె కూతురు జనెల్‌కు బ్లడ్ క్యాన్సరని తేలింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఒమాహా ఆసుపత్రిలో చేర్చారు. భర్త లేడు. మందులన్నీ ఆర్డిత్ ఉద్యోగంతో వచ్చిన బీమా మీదే.

మూడు వారాల్లో ఆర్డిత్ సెలవులు అయిపోయాయి.

తోటివాళ్లు తమ సెలవులు దానం చేయొచ్చని ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఒక్కరు ఏడాదికి పదమూడు రోజులకు మించి ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టరు.

డిసెంబరులో పదమూడు రోజులు వచ్చాయి. కొత్త ఏడు మొదలవగానే మరో పదమూడు. రెండూ ఒకే మనిషి ఇచ్చాడని మాత్రం తెలిసింది.

ఆ ఇరవయ్యారు రోజులూ ఆర్డిత్ కూతురి మంచం పక్కనే కూర్చుంది. ఫిబ్రవరిలో పిల్ల లేచి నడిచింది.

తిరిగొచ్చిన రోజు ఆర్డిత్ తిన్నగా పై అధికారి టోర్న్‌క్విస్ట్ గదికి వెళ్లింది. అన్ని సెలవులు ఇవ్వగలవాడు ఆయనే అనుకుంది.

"మీరు చేసింది జన్మలో మర్చిపోను సార్," అంది.

టోర్న్‌క్విస్ట్ ఒక్క క్షణం ఆమెవైపు చూశాడు.

"దాందేముందిలే ఆర్డిత్. మనుషులమన్నాక ఆ మాత్రం చేయమా," అన్నాడు.

మర్నాడు ఆమె ఆయనకు ఆపిల్ పళ్లతో తీపి రొట్టె కాల్చి తెచ్చింది.

మార్చిలో ఎమిల్ మళ్లీ వచ్చాడు. చిక్కిపోయాడు. కళ్లు పచ్చబడ్డాయి.

"లివర్ అంటున్నారమ్మాయ్. ఆ మూడేళ్ల సంగతేమైనా తేలిందా?"

"కాగితం లేకుండా ఎలా తేలుతుంది? ముందు సెలవు పెట్టి పడుకోండి."

"సెలవులు లేవు."

"జబ్బు సెలవులు?"

"కాలు విరిగిన ఏడే అయిపోయాయి."

"మామూలువి? పోయినేడంతా మీరు ఒక్క రోజు కూడా పెట్టలేదుగా."

"ఈ చలికాలంలో ఖర్చయిపోయాయి."

శీతాకాలమంతా తను ఆసుపత్రిలో ఉంది. ఊళ్లో మగవాళ్లలాగే ఈయనా గడ్డకట్టిన చెరువు మంచుకు చిల్లు పెట్టుకుని చేపలు పడుతూ కూర్చున్నాడు కాబోలనుకుంది.

"చేపల సరదా తీర్చుకునే ముందు ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. అయినా మా పిల్లకొచ్చినట్టు మీకూ ఎవరో ఒకరు దానం చేస్తారులెండి, దరఖాస్తు పెట్టండి."

"పాప ఎలా ఉంది?"

"బడికెళ్తోంది."

"అది చాలు," అని ఎమిల్ గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

దరఖాస్తు పెట్టలేదు. రోజూ బాయిలర్ గదికి వస్తూనే ఉన్నాడు.

ఆ కళ్లు గుర్తొచ్చి ఆర్డిత్ ఆ వారమే జీతాల రికార్డు ఆఫీసుకు రాసింది. రెండు పేజీలు. ఇరవై నిమిషాలు పట్టింది.

మే రెండో వారంలో ఎమిల్ బాయిలర్ ముందే పడిపోయాడు. లేవలేదు.

ఆయన్ను పాతిపెట్టిన ఆరో రోజున జవాబొచ్చింది. మూడేళ్ల రెండు నెలల సైనిక సేవ నిజమేనని, లెక్కలో కలుపుకోవచ్చని.

పెళ్లాం బిడ్డలు లేని మనిషి. సంతకాలు పెట్టడానికి అక్క వ్లాస్తా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కిటికీ అంచు పట్టుకుని నిలబడింది.

ఆర్డిత్ ఆమెకు కుర్చీ వేసింది. జవాబు కాగితం చూపించింది.

"ఇది ముందే వచ్చుంటే ఆయన ఇంట్లో పోయేవారు," అంది.

"కాగితాలంటే అంతేలేమ్మా," అంది వ్లాస్తా, సంతకం పెడుతూ.

"ఆయన సెలవులైనా మిగుల్చుకుని ఉండాల్సింది. ఎక్కడికెళ్లేవారండీ?"

"ఎక్కడికీ వెళ్లలేదు. ఇక్కడే పై అంతస్తులో ఎవరో పిల్ల ఉందట. దాని కూతురికి జబ్బు చేస్తే ఇచ్చేశాడు."

ఆర్డిత్ చేతిలో కలం ఆగిపోయింది.

"ఆవిడకు... చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. చెప్తే, ఆ పిల్ల నా కాగితం వెనక్కివ్వడానికి మొహమాటపడి రూలు తప్పుతుంది, ఉద్యోగం పోతే బిడ్డకు మందెవరిస్తారే అక్కా అన్నాడు," అంది వ్లాస్తా.